గుణింతం గడగడా చెప్తాడు, 'తాత వచ్చాడు' చదవడానికి మాత్రం అరనిమిషం. ఏం చేయాలి?

సాయంత్రపు కాఫీ (జూన్ 23, రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. మా వాడికి ఆరున్నర నిండింది, రెండో తరగతి. హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియం, తెలుగు రోజుకి ఒక్క పీరియడ్. అక్షరాలన్నీ వచ్చు. గుణింతం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. చదవమంటేనే నరకం.

'తాత వచ్చాడు' అని రెండు మాటలున్నాయనుకోండి. "త కు దీర్ఘమిస్తే తా, త, తాత. వ, చ కు దీర్ఘమిస్తే చా, చాకి చ ఒత్తిస్తే చ్చా, వచ్చా, డ కు కొమ్మిస్తే డు..." ఇలా సాగుతుంది. 'డు' దగ్గరికొచ్చేసరికి తాత ఏమయ్యాడో వాడికే గుర్తుండదు. నిన్న నాలుగు లైన్ల పాఠానికి 11 నిమిషాలు పట్టింది, మధ్యలో మంచినీళ్ళు, పెన్సిల్ వెతుకులాట అన్నీ కలుపుకుని. మొదటి లైన్లో 'అమ్మ' ఉంది, మూడో లైన్లోనూ ఉంది. రెండుసార్లూ "అ, మ, మ కు మ ఒత్తిస్తే" అని మొదటినుంచే మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది, అరిచాను, వాడు ఏడ్చాడు, మా అత్తగారు నన్ను చూసిన చూపు వేరే కథ.

వీళ్ళ ఇంగ్లీష్ క్లాసులో 'సైట్ వర్డ్స్' అని ఒక లిస్టు ఇచ్చారు. చూడగానే చెప్పేయాలట. తెలుగుకి అలాంటిది ఉందా? మాటల్ని బొమ్మల్లా కంఠతా పట్టించేయనా?

గులాబీరంగు గొడుగు (జూన్ 23, రాత్రి 10:15)

మేం అలాగే చేశాం. తరచుగా వచ్చే వంద మాటలు అట్టముక్కల మీద రాసి రోజుకి పది చొప్పున చూపించాను. ఇంగ్లీష్‌లో డాల్చ్ లిస్టని 220 మాటలుంటాయి కదా, అదే పద్ధతి. రెండు వారాల్లో మా పాప అన్నీ చెప్పేసింది. మొదలుపెట్టండి, టెన్షన్ పడకండి.

మెహదీపట్నం నాన్న (జూన్ 23, రాత్రి 10:40)

మాదీ అట్టముక్కల కథే, కానీ ముగింపు వేరు. మా వాడు 'ఎక్కడ' అట్టముక్కని బ్రహ్మాండంగా చెప్పేవాడు. ఒకరోజు పుస్తకంలో అదే మాట వస్తే బిక్కమొహం వేశాడు. తీరా చూస్తే ఆ అట్టకి కుడివైపు మూల చిరిగి ఉంది. వాడు చదివింది చిరుగుని! కొత్త అట్ట మీద రాసి చూపిస్తే "ఇది మనది కాదు" అన్నాడు.

బలపం మాస్టారు (జూన్ 24, ఉదయం 6:05)

అమ్మా, నేను గోదావరి జిల్లాలో ప్రాథమిక పాఠశాలలో 31 ఏళ్ళు చెప్పి రిటైరయ్యాను. మీ అబ్బాయికి చదవడం రాక కాదు, వాడు చదివే ముందు ఇంకో పని చేస్తున్నాడు. ప్రతి అక్షరానికీ పుట్టుపూర్వోత్తరాలు చెప్తున్నాడు. ఆ తర్వాత అక్షరం పలుకుతున్నాడు. ఇంత చాకిరీ చేశాక మాట గుర్తుంచుకోవడానికి బుర్రలో చోటెక్కడిది?

"క కు కొమ్మిస్తే కు" అనేది స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే సెంట్రింగ్ లాంటిది. అది లేకుండా స్లాబు నిలవదు. కానీ గట్టిపడ్డాక తీసేయకపోతే ఆ ఇంట్లో మనుషులు తిరగలేరు. బడిలో పెట్టడం నేర్పుతారు, తీయడం చాలామంది మర్చిపోతారు. అందులో నేనూ ఉన్నాను, మొదటి పదేళ్ళు.

గుణింతం వరసగా చెప్పడం వేరు, విడిగా ఒక 'తూ' కనిపిస్తే 'తూ' అనడం వేరు. నమ్మకపోతే ఇవాళ ఒక కాగితం మీద తి, కో, మా, రు, చే అని వరస లేకుండా రాసి చూపించండి. వాడు లోపల 'త, తా, తి' అని మెట్లెక్కి వస్తాడు, పెదవులు కదులుతాయి చూడండి.

ఇక ఆ ఇంగ్లీష్ లిస్టు సంగతి. డాల్చ్ అనే ఆయన దాన్ని 1936లో వేశాడు, పిల్లల పుస్తకాల్లో పదే పదే వచ్చే మాటలు ఏరి. వాటిలో 'సెడ్', 'వాజ్' లాంటివి రాసేది ఒకటి, పలికేది ఒకటి. అక్షరాలు కూడబలుక్కుంటే దారి తప్పుతారు కాబట్టి చూపు మీద పట్టిస్తారు. మన రాత ఆ మోసం చెయ్యదు. దాదాపు రాసినట్టే పలుకుతాం. బొమ్మలా బట్టీ పట్టిస్తే ఉన్న ఆస్తిని పక్కన పెట్టి అప్పు తెచ్చుకున్నట్టే. అక్షరం మెరుపులా పలకాలి, అదే మాట పదిసార్లు వేరువేరు చోట్ల ఎదురవ్వాలి. అప్పుడు మాట దానంతటదే చూపుకి అంటుకుంటుంది.

గులాబీరంగు గొడుగు (జూన్ 24, ఉదయం 8:30)

మాస్టారూ, మా పాపకి పనిచేసింది కదా, అది తప్పెలా అవుతుంది?

బలపం మాస్టారు (జూన్ 24, ఉదయం 9:10)

తప్పని ఎందుకంటానమ్మా. మీ పాపకి అక్షరాలు అప్పటికే చురుగ్గా ఉండి ఉంటాయి. అట్టముక్క వాటికి సాధన అయింది. ఒక చిన్న పరీక్ష చెయ్యండి. లిస్టులో లేని మాట, ఏ 'కుమ్మరి' అనో 'గొప్పలు' అనో రాసి చూపించండి. చదివితే ఇక అడగక్కర్లేదు.

గులాబీరంగు గొడుగు (జూన్ 24, సాయంత్రం 6:20)

'గొప్పలు' చదివింది. 'కుమ్మరి' దగ్గర 'కుమారి' అంది. సరే, ఒప్పుకున్నాను సగం.

పదాలపిచ్చి (జూన్ 24, రాత్రి 8:45)

నాకు ఎప్పట్నుంచో ఉన్న ఫిర్యాదు ఇక్కడ చెప్పుకుంటాను. మన ఇంట్లో మనుషుల పేర్లు చూడండి. అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అత్త, పిన్ని, మామయ్య, అమ్మమ్మ, నాన్నమ్మ, అవ్వ. అన్నిటికీ ఒత్తు! ఒత్తు లేకుండా దొరికేది తాత, మామ, బావ, వదిన, ఇంకో ఇద్దరు ముగ్గురు. మాటల్లోకి వచ్చినా అంతే. వచ్చాడు, చెప్పాడు, ఉన్నాడు, అన్నాడు, ఇక్కడ, ఎక్కడ, ఇప్పుడు, నువ్వు, చిన్న, పెద్ద.

మరి బడిలో ఒత్తులు ఎప్పుడొస్తాయి? అక్షరాలు, రెండక్షరాల మాటలు, గుణింతాలు అన్నీ అయ్యాక, చిట్టచివర. అప్పటిదాకా పిల్లలు 'ఈల, ఊయల, గంప, ఆట, వల' చదువుతూ ఉంటారు. మా పాప జీవితంలో వల చూడలేదు. అమ్మని మాత్రం రోజూ చూస్తుంది, చదవడానికి ఏడాది ఆగాలి.

అందుకే నేను వరస పక్కన పెట్టి ద్విత్వాలు, అంటే ఏ అక్షరానికి ఆ ఒత్తే వచ్చేవి, ముందే మొదలుపెట్టాను. అందులోనూ ఒక కిటుకుంది. క్క, చ్చ, డ్డ, ప్ప వంటివి సులువు. ఒత్తు చూస్తే తలకట్టు తీసేసిన అదే అక్షరం, చిన్నదిగా కింద కూర్చుంటుంది. త, న, మ, య, ర, ల ఆరింటి ఒత్తులు మాత్రం అసలు అక్షరానికి పోలికే లేదు. కాబట్టి 'అక్క' ముందు, 'అప్పడం' తర్వాత, 'అమ్మ' ఆ తర్వాత. అమ్మలకి కోపం రావచ్చు.

సాయంత్రపు కాఫీ (జూన్ 24, రాత్రి 9:30)

అమ్మకి కోపం రాలేదండీ, నవ్వొచ్చింది. మాస్టారు చెప్పిన కాగితం పరీక్ష చేశాను. సరిగ్గా అదే! 'కో' చూసి పెదవులు కదిలించి, వేళ్ళు కూడా మడిచి, పన్నెండో పదమూడో వేలికి వచ్చాక 'కో' అన్నాడు. వాడు చదవట్లేదు, లెక్కపెడుతున్నాడు. ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదు.

ఓరుగల్లు పిల్ల (జూన్ 25, ఉదయం 7:20)

మా తమ్ముని బిడ్డకి చదువు వచ్చింది బస్సుల మీదనే. మేం ఉండేది రోడ్డు పక్కన. పొద్దున్నుంచి ఎన్ని 'పల్లెవెలుగు' బస్సులు పోతాయో లెక్కలేదు. మొదట రంగు చూసి చెప్పేది, తర్వాత ల్లె దగ్గర ఆగేది, ఆఖరికి బస్సు కనిపించీ కనిపించక ముందే చదివేది. బోర్డు మీద ఊరి పేరు రోజుకొకటి మారుతుంది కదా, అది ఇంకా మంచిది. అక్కడ ఊహించి చెప్తే దొరికిపోతారు. పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ. బస్సు ఆగదు కాబట్టి ఒక్కో అక్షరానికి గుణింతం చెప్పుకునే టైం ఉండదు, అదే అసలు లాభం.

ఇంకో మాట. ఆ పిల్ల పుస్తకంలో 'వచ్చాడు' అని ఉంటే 'వచ్చిండు' అని చదువుతది. వాళ్ళ టీచర్ తప్పు అని గీత కొట్టింది. నాకైతే అది తప్పనిపించలేదు. అక్షరం చూసి, అర్థం చేసుకుని, తన ఇంటి మాటలో చెప్పింది. అర్థం కాని పిల్ల ఆ పని చెయ్యగలదా?

బలపం మాస్టారు (జూన్ 25, ఉదయం 9:00)

చెయ్యలేదు. నేనైతే ఆపను. చదవడం అయ్యాక "ఇక్కడ ఏం రాశారో చూడు, మనం ఏమంటామో చూడు" అని ఒకసారి చూపిస్తే చాలు. మా వైపు పిల్లలు 'వచ్చేసేడు' అంటారు, అదీ అంతే.

ప్లానో నుంచి (జూన్ 25, మధ్యాహ్నం 12:10)

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయికి ఏడేళ్ళు, వారాంతం తెలుగు బడికి వెళ్తుంది. మా సమస్య తిరగేసి ఉంటుంది. చక్కగా చదివేస్తుంది, 'రోలు' అంటే ఏంటో తెలియదు. తెలియని మాటని ఎన్నిసార్లు చదివినా కొత్త మాటలాగే తడుముకుంటుంది. నోట్లో ఆడే మాట అయితే మొదటి అక్షరాలు చూడగానే మిగతాది అందుకుంటుంది.

అందుకని ఒక పని మొదలుపెట్టాం. ఆదివారం మా అమ్మతో వీడియో కాల్ అయ్యాక, ఏం మాట్లాడిందో అమ్మాయి చెప్తుంది, నేను పెద్ద అక్షరాల్లో టైప్ చేసి ప్రింట్ తీస్తాను. "బామ్మ జంతికలు చేసింది. నాకు పంపలేదు. బామ్మ మీద నాకు కోపం." అంతే, మూడు ముక్కలు. వారమంతా అదే చదువుతుంది, సొంత గొడవ కదా, విసుగు రాదు. నేను మార్చకూడదని నియమం పెట్టుకున్నాను. 'కోపంగా ఉంది' అని సరిచేద్దామని చెయ్యి దురద పెట్టినా ఆపుకుంటాను. ఇప్పుడు 'బామ్మ', 'నాకు', 'చేసింది', 'లేదు' ఎక్కడ కనిపించినా ఆగదు.

సాయంత్రపు కాఫీ (జూన్ 25, రాత్రి 10:00)

ఇది చాలా నచ్చింది. మావాడి గొడవలకైతే కొదవలేదు, గ్రంథం అవుతుంది.

చాక్‌పీస్ పొడి (జూన్ 26, సాయంత్రం 5:30)

ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నాను, తెలంగాణ. 2022లో తొలిమెట్టు (చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు గట్టిపరిచే రాష్ట్ర కార్యక్రమం) మొదలైనప్పట్నుంచి మాకు రోజూ ఇదే పని. ఎవరైనా తల్లిదండ్రులు అంకెలు అడుగుతారని చెప్తున్నాను. 2021 జూలైలో కేంద్రం ఇదే పనికి మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి పిల్లలకి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు, అదీ అర్థం చేసుకుంటూ.

మెహదీపట్నం నాన్న (జూన్ 26, సాయంత్రం 6:00)

45?! మావాడు నిమిషానికి ఏడు.

పదాలపిచ్చి (జూన్ 26, రాత్రి 7:15)

అయ్యా, ఆగండి. స్టాప్‌వాచ్ తీసే ముందు తెలుగు మాట ఎంత పొడుగో చూడండి. 'ఆడుకుంటున్నారు' ఒక మాట, ఆరు అక్షరాలు, ఒక సున్నా, ఒక ఒత్తు. ఇంగ్లీష్‌లో అదే సంగతి 'దే ఆర్ ప్లేయింగ్', మూడు మాటలు. అన్ని భాషలకీ ఒకే కొలబద్ద పెడితే మన పిల్లలు వెనకబడినట్టే కనిపిస్తారు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల మీద 20 భాషల్లో సర్వే చేసినప్పుడు ఒక్కో భాషకీ విడిగా హద్దులు పెట్టుకుంది, ఇందుకే.

చాక్‌పీస్ పొడి (జూన్ 26, రాత్రి 8:00)

నిజమే. నేనూ క్లాసులో గడియారం బయటికి తీయను. గడియారం చూడగానే పిల్లలు మాటలు మింగేస్తారు. పోయిన వారం ఎంత తడబడ్డాడు, ఈ వారం ఎంత, అంతే నా లెక్క.

వేపచెట్టు నీడ (జూన్ 26, రాత్రి 9:20)

ఆరేళ్ళ పిల్లాడి మీద ఇంత చర్చా? మేమంతా వీధి అరుగు మీద పడి నేర్చుకున్నాం, ఎవరు కూర్చుని నేర్పారు? వాడే నేర్చుకుంటాడు, వదిలేయండి.

చాక్‌పీస్ పొడి (జూన్ 26, రాత్రి 9:45)

మీరు నేర్చుకున్నారు సార్. మీ పక్కన కూర్చుని నేర్చుకోలేక నాలుగో తరగతిలో మానేసినవాళ్ళు ఈ ఫోరమ్‌లో లేరు.

నంద్యాల నించి (జూన్ 27, ఉదయం 10:30)

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. ముందు ఒకసారి కళ్ళు చూపించండి. మా పాప ఏడాదంతా 'పాలు' ని 'వాలు', 'సాలు' అని చదువుతుంటే అశ్రద్ధ అనుకుని తిట్టాం. ప, వ, స, ష ఎటూ పోలికగా ఉంటాయి కదా, అందుకే అనుమానం రాలేదు. తీరా చూస్తే రెండు కళ్ళకీ పవర్ ఉంది. అద్దాలు పెట్టుకున్న రోజు సాయంత్రం ఇంటి ఎదురు గోడ మీద ప్రకటన చదివి "అమ్మా, అక్కడ అక్షరాలున్నాయి!" అంది. ఆ మాటకి ఇప్పటికీ నా గుండె చివుక్కుమంటుంది.

కళ్ళు, చెవులు బాగానే ఉండి, ఇంట్లో బడిలో ఇంత చేసినా ఏడాది తర్వాత కూడా అక్షరాలే నిలవకపోతే అది వేరే సంగతి. చదువులో ప్రత్యేక ఇబ్బందిని 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. నిపుణులకి చూపించడంలో నామోషీ ఏమీ లేదు. కానీ ఆరున్నరకి, రెండు వారాల తడబాటుకి ఆ పేరు తగిలించకండి.

సాయంత్రపు కాఫీ (జూలై 8, రాత్రి 9:15)

పది రోజులైంది, ఏమైందో చెప్తాను. కళ్ళు చూపించాం, బాగానే ఉన్నాయి. గుణింతం చెప్పుకోవడం పైకి మానేశాడు. పెదవులు ఇంకా కొద్దిగా కదులుతున్నాయి. రోజూ రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు, అంతకుమించి లేదు. ముందు విడి అక్షరాలు రెండు నిమిషాలు, తర్వాత వాడి గొడవల పుస్తకం. ఇవాళ్టి పాఠం: "నువ్వు నాకు మామిడి పండు ఇవ్వలేదు."

అందులోనే రెండు చిక్కులు. ఒకటి, 'నువ్వు' ని 'నుమ్మ' అన్నాడు. రెండు, 'పండు' ని 'పమ్‌డు' అంటున్నాడు, తర్వాత ఆలోచించి "ఓ, పండా!" అంటున్నాడు.

బలపం మాస్టారు (జూలై 9, ఉదయం 5:50)

రెండూ వాడి తెలివికి గుర్తులే. వ కి కొమ్మిచ్చిన 'వు', మామూలు 'మ' పక్కపక్కన పెద్దగా రాసి చూడండి, మీరే తికమకపడతారు. తేడా ఆ చివరి తోక ఎక్కడినుంచి బయల్దేరిందన్నదే. పలక మీద వేలితో దిద్దిస్తే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది, కంటికి అది నేర్పుతుంది. 'మామ, మావు, వామ' అని అర్థం లేకపోయినా ఆటగా రాసివ్వండి, నవ్వుకుంటూ చదువుతారు.

సున్నాది మాత్రం మన పెద్దవాళ్ళ తప్పు. 'సున్నా అంటే మ్' అని చెప్పేశాం. 'పంపు'లో మ్ అవుతుంది. 'పండు', 'పంట'లో నాలుక పైకి మడిచి పలికే ణ్, 'వంకాయ'లో గొంతులోంచి ముక్కుకి పోతుంది. ఇదంతా పిల్లాడికి చెప్పకండి. 'పం' అని విడగొట్టకుండా 'పండు' అని కలిపి మీరు ఒకసారి అనండి, వాణ్ణి అనమనండి. నోటికి తెలుసు.

ఓరుగల్లు పిల్ల (జూలై 9, ఉదయం 8:10)

అక్కా, ఆగినప్పుడు నువ్వు ఏం చేస్తున్నవ్? వెంటనే అందిస్తున్నవా?

సాయంత్రపు కాఫీ (జూలై 9, రాత్రి 9:00)

నిజం చెప్పాలంటే, వెంటనే అందించేదాన్ని. దానికి "నిన్ననే చెప్పాను కదరా" అని తోక కూడా. మా అత్తగారు పక్కన కూర్చుంటే మాత్రం వాడు బాగా చదువుతున్నాడు. ఏం చేస్తున్నారా అని తలుపు చాటునుంచి చూశాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంటారు. వాడు ఆగితే ఒక కాయ ఈనె పూర్తిగా తీసేదాకా ఏమీ అనరు. అప్పటికీ రాకపోతే మాట చెప్పేస్తారు, అంతే, వాడు ముందుకెళ్తాడు. "ఇందాక చెప్పానుగా" లేదు, నిట్టూర్పు లేదు. వాక్యం అయ్యాక "ఏదీ, ఇంకోసారి అను, నాకు సరిగ్గా వినబడలేదు" అంటారు. ఆవిడకి వినికిడి భేషుగ్గా ఉంది.

బలపం మాస్టారు (జూలై 10, ఉదయం 6:00)

ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. నేను మూడు అంకెలు లెక్కపెట్టేవాణ్ణి, చిక్కుడుకాయ ఇంకా బాగుంది. రెండోసారి చదివించడంలోనే అంతా ఉంది. మొదటిసారి అక్షరాలు చదువుతాడు, మూడోసారికి మాటలు చదువుతాడు.

చాక్‌పీస్ పొడి (జూలై 10, సాయంత్రం 5:45)

గొడవల పుస్తకం అయిపోతే స్టోరీవీవర్ సైట్లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, మెట్లవారీగా. మొదటి మెట్టుతో మొదలుపెట్టండి, ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. తొందరపడి రెండో మెట్టుకి వెళ్ళకండి. తేలిగ్గా ఉన్న కథ నాలుగుసార్లు చదివితే వచ్చే హుషారు కష్టమైన కథతో కుస్తీ పడితే రాదు.

సాయంత్రపు కాఫీ (ఆగస్టు 17, రాత్రి 8:40)

ఏడు వారాలు. నిన్న నేను వంటింట్లో ఉంటే ఫోన్ మోగింది, మెసేజ్. చేతులకి పిండి ఉంది, చదవరా అన్నాను. వాడు హాల్లోంచి "అమ్మమ్మ రేపు వస్తోంది, ఎవరూ స్టేషన్‌కి రావద్దు" అని ఒక్క ఊపున చదివేశాడు. 'స్టేషన్‌కి' దగ్గర కూడా ఆగలేదు. నేను పిండి చేతులతోనే బయటికొచ్చాను. మా అత్తగారు టీవీ సౌండ్ తగ్గించి "ఏదీ, ఇంకోసారి అను" అన్నారు, ఈసారి నిజంగానే వినబడక.

కింద ఇంకో లైను ఉంది. దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "చి... ల... క... లూ..." అని, ఆఖరికి ఫోన్ నాకిచ్చి "ఇది చాలా పొడుగుందమ్మా, నువ్వే చదువు" అన్నాడు. చిలకలూరిపేట నుంచి బస్సులో వస్తున్నానని రాసింది మా అమ్మ. మరి స్టేషన్‌కి రావద్దని ఎందుకు రాసిందో నాకూ అర్థం కాలేదు.

బలపం మాస్టారు (ఆగస్టు 18, ఉదయం 6:10)

బస్ స్టేషన్ అయ్యుంటుందమ్మా. చిలకలూరిపేట నాకూ ఒక్క గుక్కలో రాదు లెండి, పళ్ళు కట్టించుకున్నాక మరీను.